దేవదత్తుడు రాత్రి తింటాడా?

ప్రశ్న: దేవదత్తుడు రాత్రిపూట భోజనం చేస్తాడా? ఒకటో స్టేట్‌మెంట్: దేవదత్తుడు ఏళ్ల తరబడి లావుగానే ఉన్నాడు. రెండో స్టేట్‌మెంట్: పగటిపూట దేవదత్తుడు మెతుకు ముట్టడు. జవాబు చెప్పడానికి ఒకటోది ఒక్కటే చాలుతుందా, రెండోది ఒక్కటే చాలుతుందా, రెండింట్లో ఏదైనా చాలుతుందా, రెండూ కలిస్తేగాని కుదరదా, రెండూ కలిసినా చాలదా?

బ్యాంకు పరీక్షలకు కూర్చునే వాళ్లెవరికైనా ఈ వరస కొట్టినపిండి. డేటా సఫిషియెన్సీ అంటారు, పొట్టిగా డీఎస్. దేవదత్తుడి ప్రశ్నకు క్షణాల్లో 'రెండూ కలిస్తేనే' అని గుర్తు పెట్టి పక్క ప్రశ్నకు పోతారు. అయితే ఇది ఏ మాక్ టెస్టులోంచీ వచ్చింది కాదు. మీమాంసకుల నోళ్లలో వెయ్యేళ్లకు పైగా నలిగిన ఉదాహరణ. లావుగా ఉండటం కళ్లకు కనిపిస్తోంది, పగలు తినకపోవడం తెలిసిందే, ఈ రెండూ ఒకదానికొకటి పొసగవు. పొసగాలంటే రాత్రి తింటున్నాడని ఒప్పుకోక తప్పదు. ఇలా తెలుసుకోవడాన్ని వాళ్లు అర్థాపత్తి అన్నారు, కళ్లతో చూసే ప్రత్యక్షం, ఊహించి తేల్చే అనుమానాల సరసన దాన్ని విడిగా ఒక ప్రమాణంగా, అంటే తెలుసుకునే దారిగా, నిలబెట్టారు. న్యాయ దర్శనంవాళ్లు, అంటే నైయాయికులు, ఒప్పుకోలేదు. ఇందులో కొత్తేముంది, పగలూ రాత్రీ కూడా తిననివాడు లావుగా ఉండడన్న నియమం మీద నడిచిన మామూలు అనుమానమే కదా అన్నారు. తగువు శతాబ్దాల పాటు సాగింది.

ఎవరు గెలిచారన్నది పక్కన పెడితే, నైయాయికులు వేలు పెట్టి చూపించిన చోటు మాత్రం అసలైనది. ప్రశ్నలో అచ్చయిన స్టేట్‌మెంట్లు రెండే. జవాబు నిలబడింది మూడోదాని మీద. తిండి లేకుండా ఎవరూ లావుగా ఉండలేరన్నది కాగితం మీద ఎక్కడా లేదు, చదివేవాడు తన దగ్గరనుంచి తెచ్చిపెట్టాడు. ఇవాళ ఏ డాక్టరును అడిగినా థైరాయిడ్ సంగతి ఎత్తి ఆ మూడోదాన్ని కాస్త వదులు చేస్తాడు. వదులైన మేరకు జవాబూ వదులవుతుంది.

ఎంత తెలిస్తే తెలిసినట్టు, తెలిసిందనడానికి ఆధారం ఏది అన్నది ఈ దేశంలో మతాలూ దర్శనాలూ పట్టు వదలకుండా తర్కించుకున్న విషయం. అదే ప్రశ్న ఇప్పుడు తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఇంటర్నెట్ సెంటర్లోనో మేడమీద గదిలోనో కూర్చున్న డిగ్రీ కుర్రాళ్ల ముందు, పక్కన గడియారం పరుగెత్తుతుండగా, నెగెటివ్ మార్కు బెదిరింపుతో సహా ప్రత్యక్షమవుతోంది.

ఈ ఊళ్లున్న కృష్ణా పశ్చిమ డెల్టాలో బ్యాంకు ఉద్యోగం మీద మోజు ఇవాళ్టిది కాదు. కాలవ నీళ్లు, వరి పంట, పంట అప్పు, బంగారం తాకట్టు, వీటన్నిటికీ మధ్య బ్యాంకు ఉంది. 1923 నవంబరులో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో పెట్టిన ఆంధ్రా బ్యాంకులో ఉద్యోగమంటే పెళ్లి సంబంధాల్లో మాట చెల్లేది. 2020 ఏప్రిల్ 1న ఆ పేరు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. గుంటూరు కేంద్రంగా నడిచిన చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న మరో మూడింటితో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. బోర్డులు మారాయి గాని పరీక్ష పెట్టే సంస్థ ఐబీపీఎస్సే. ప్రభుత్వ రంగ బ్యాంకులకు ఉమ్మడి రాతపరీక్ష 2011లో మొదలైంది. గ్రామీణ బ్యాంకుల పరీక్షను తెలుగుతో సహా 13 ప్రాంతీయ భాషల్లో రాయవచ్చని 2019లో కేంద్ర ఆర్థికమంత్రి ప్రకటించాక తెలుగు మీడియం పిల్లలకు కొంత ఊపిరాడింది. స్తోమత ఉన్నవాళ్లు బ్యాంకు కోచింగుకు పేరుపడ్డ నంద్యాలకో, విజయవాడకో పోతారు. మిగిలినవాళ్లకు సెల్‌ఫోనే కోచింగ్ సెంటరు.

రీజనింగ్ పేపర్లో పజిల్సూ సీటింగ్ అరేంజ్‌మెంట్లూ ఎక్కువ, డీఎస్ ప్రశ్నలు కొన్నే. కానీ మిగతా ప్రశ్నలన్నీ జవాబు అడుగుతాయి, ఇదొక్కటే జవాబు అడగదు. జవాబు చెప్పగలిగే స్థితిలో ఉన్నావా లేదా అని మాత్రం అడుగుతుంది. ఈ తేడా తలకెక్కనివాళ్లు లెక్కను చివరిదాకా చేసి, దేవదత్తుడు రాత్రి ఏం తిన్నాడో కూడా తేల్చి, టైము పోగొట్టుకుని బయటికొస్తారు. ఈ రకం ప్రశ్న పుట్టింది అమెరికాలో. అక్కడి శాట్ పరీక్షలో 1959 నుంచి 1974 దాకా ఉంది, జీమ్యాట్‌లో ఇప్పటికీ ఉంది. పుట్టిన ఊరు అమెరికా అయినా, దీన్లోని ఐదు ఆప్షన్లకూ ఐదు పాత చుట్టాలు మన శాస్త్రాల్లో కనిపిస్తారు.

అందులోనూ తెనాలిలో. ఎందుకంటే బ్యాంకు అభ్యర్థుల సంగతి అటుంచి, సంస్కృత పండితుల లోకంలో తెనాలి అంటే ఒక పరీక్ష పేరు. దేశం నలుమూలలా గురువుల ఇళ్లలో ఉండి న్యాయం, వ్యాకరణం, మీమాంస, వేదాంతం చదువుకునేవాళ్లు ఆరు నెలలకోసారి తెనాలి పరీక్షకు కూర్చుంటారు. రాతా ఉంటుంది, మౌఖికమూ ఉంటుంది. మొత్తం 14 అంచెలు. దాటడానికి ఏళ్లు పడతాయి, పైన కంచి కామకోటి పీఠం నిర్వహించే మహాపరీక్ష. 2019లో ఒక పదహారేళ్ల కుర్రాడు ఈ పరీక్ష గట్టెక్కితే ప్రధాని ట్విట్టర్లో అభినందించారు. అప్పటిదాకా ఈ పరీక్ష పేరు వినని తెనాలివాళ్లు కూడా ఉంటారనుకోవడం తప్పేమీ కాదు. బ్యాంకు పరీక్షకు ఆన్‌లైన్ సెంటరు ఎక్కడ పడుతుందో చూసుకునే పిల్లలకు, అదే ఊరి పేరు మోస్తూ 'హేతువు చాలుతుందా' అని అడిగే ఇంకో పరీక్ష ఉందని చెప్పేవాళ్లు లేరు.

ఒక ప్రశ్నను దగ్గరగా పట్టి చూడొచ్చు. తెనాలి నుంచి రేపల్లెకు 1916లో రైలు లైను పడింది. ఆ లైన్లో తెనాలిలో రమ, సీత, గౌరి రైలెక్కారనుకుందాం. ఒకరు వేమూరులో, ఒకరు భట్టిప్రోల్లో, ఒకరు రేపల్లెలో దిగారు. భట్టిప్రోల్లో దిగింది ఎవరు? ఒకటో స్టేట్‌మెంట్: రమ సీతకన్నా ముందు దిగింది. రెండో స్టేట్‌మెంట్: గౌరి రమ తరవాత దిగింది.

ఒకటోది చూస్తే భట్టిప్రోల్లో ముగ్గురిలో ఎవరైనా దిగి ఉండొచ్చు. రెండోది ఒక్కటే చూసినా అంతే. రెండూ కలిపితే రమ అందరికన్నా ముందు, అంటే వేమూరులో దిగిందని తేలిపోతుంది. అక్కడ బుర్రలో దీపం వెలుగుతుంది, చెయ్యి 'రెండూ కలిస్తేనే' మీదికి పోతుంది. పప్పులో కాలు పడేది అక్కడే. తెలిసింది వేమూరు సంగతి, అడిగింది భట్టిప్రోలు సంగతి. సీతో గౌరో ఇంకా తేలలేదు. రెండూ కలిసినా చాలదు. వేమూరులో దిగిందెవరని అడిగి ఉంటే మాత్రం ఇవే రెండు వాక్యాలు పుష్కలంగా చాలేవి. అంటే చాలడం అనేది సమాచారానికి పుట్టుకతో ఉన్న గుణం కాదు. ఫలానా ప్రశ్నకు చాలుతుంది, ఫలానాదానికి చాలదు అంతే. గౌతముడి న్యాయసూత్రాలు పదహారు పదార్థాల జాబితాలో ప్రమాణం, ప్రమేయం తరవాత సంశయాన్ని, ప్రయోజనాన్ని నిలబెట్టాయి. ఏం సందేహమో, దేనికోసం అడుగుతున్నామో తేల్చుకోకుండా ఆధారాల బలం తూచడానికి వీల్లేదు మరి.

ఇంకో మెలిక ఉంది. పై ప్రశ్నలో వేమూరు ముందొస్తుందని, భట్టిప్రోలు తరవాతదని, రేపల్లె చివరిదని ఎక్కడా రాయలేదు. తెనాలి పిల్లకు అది చెప్పనక్కర్లేదు. కర్నూలు నుంచి రాసే పిల్లకు తెలిసే అవకాశం లేదు. ఒకే కాగితం ఒకరికి చాలుతుంది, ఒకరికి చాలదు. అందుకే ప్రశ్నలు తయారుచేసేవాళ్లు స్టేషన్ల వరసను కూడా ప్రశ్నలోనే పెట్టాలి, పెట్టకపోతే ప్రశ్నే దొంగది. అచ్చుకాని ఆ మూడో స్టేట్‌మెంటు ఇక్కడ మళ్లీ తగిలింది. త్రిభుజంలో మూడు కోణాలు కలిపితే 180 డిగ్రీలన్నది అందరిదీ కాబట్టి వాడుకోవచ్చు, రైలు స్టేషన్ల వరస కొందరిదే కాబట్టి కుదరదు. ఏది అందరి జ్ఞానం, ఏది కొందరిది అన్న గీత ఎవరు గీస్తారన్నది పరీక్ష హాల్లో ఎవరూ అడగరు. తర్కశాస్త్రం అడుగుతుంది. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందన్న నియమాన్ని, దాని పేరు వ్యాప్తి, ఎన్ని వంటిళ్లు చూసి నమ్మాలన్నది నైయాయికులకు ఎప్పుడూ తెగని పంచాయితీ. చార్వాకులు ఆ నియమం తెలుసుకోవడం అసాధ్యమనే అనేశారు. తత్త్వోపప్లవసింహం రాసిన జయరాశిభట్టు అయితే ఇంకో నాలుగడుగులు ముందుకు వేసి ప్రత్యక్షంతో సహా ఏ ప్రమాణమూ నిలవదన్నాడు. ఆయన బ్యాంకు పరీక్ష రాస్తే ప్రతి ప్రశ్నకూ 'రెండూ కలిసినా చాలదు' అనే పెట్టి ఉండేవాడు. కటాఫ్ దాటేవాడు కాదు.

కోచింగులో మాస్టార్లు నెత్తీ నోరూ కొట్టుకునేది ఇంకో తప్పు దగ్గర. ఒక సంఖ్య 7తో భాగింపబడుతుందా అని ప్రశ్న. ఆ సంఖ్య 10కన్నా పెద్దదైన ప్రధాన సంఖ్య అని స్టేట్‌మెంట్. భాగింపబడదు. జవాబు 'కాదు' అని వచ్చింది కాబట్టి స్టేట్‌మెంటు చాలలేదని సగం మంది రాసేస్తారు. కానీ 'కాదు' అని గట్టిగా చెప్పగలిగితే తెలిసినట్టే. లేదని తెలియడం వేరు, ఉందో లేదో తెలియకపోవడం వేరు. వైశేషికులు ద్రవ్యం, గుణం, కర్మ అంటూ లోకంలోని పదార్థాలు లెక్కపెట్టినప్పుడు తరవాతి కాలంలో ఏడోదిగా అభావాన్ని కూడా చేర్చుకున్నది ఇందుకే. కుండ లేకపోవడం కూడా తెలుసుకోదగ్గ సంగతే. భాట్ట మీమాంసకులు దాన్ని తెలుసుకోవడానికి అనుపలబ్ధి అని ప్రత్యేకంగా ఒక ప్రమాణమే పెట్టారు. పెట్టి, చాలా జాగ్రత్తగా ఒక షరతు తగిలించారు. కుండ ఉంటే కనిపించి తీరాల్సిన చోట కనిపించకపోతేనే అది లేదని అర్థం. వెలుతురున్న గదిలో నేలమీద కుండ కనిపించలేదా, లేదు. చీకటి గదిలో కనిపించలేదా, ఏమీ తేలలేదు. దేవుడు కనిపించలేదు కాబట్టి లేడనేవాళ్లకూ, లేడని ఎవరూ రుజువు చెయ్యలేదు కాబట్టి ఉన్నాడనేవాళ్లకూ మధ్య నడిచే వాదాల్లో సగం ఈ ఒక్క షరతు దగ్గర ఆగిపోవాలి. ఆగవు, అది వేరే సంగతి.

బ్యాంకు పరీక్షలో ఈ తేడాకి మార్కుల్లోనే విలువ కట్టారు. తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కులో నాలుగో వంతు కోత. ఖాళీగా వదిలేస్తే కోతా లేదు, మార్కూ లేదు. 'రెండూ కలిసినా చాలదు' అన్నది సరైన చోట పెడితే నిండు మార్కు. 'నాకు తెలియదు' అన్నది ఖాళీ గడి, 'దీన్నిబట్టి ఎవరికీ తెలియదు' అన్నది జ్ఞానం. మొదటిది వినయం, రెండోదానికి రుజువు కావాలి. అలా చెప్పాలంటే స్టేట్‌మెంట్లన్నిటికీ సరిపోయే రెండు వేర్వేరు జవాబులు చేతిలో పట్టుకుని చూపించగలగాలి. రేపల్లె రైల్లో సీతనీ గౌరినీ చూపించినట్టు.

హేతువు చాలుతుందో లేదో తేల్చే పనికి మొట్టమొదట పట్టిక గీసినవాడిగా చెప్పుకోదగ్గవాడు దిఙ్నాగుడు. బౌద్ధ తార్కికుడు, సుమారు 5-6 శతాబ్దాల నాటివాడు. 7వ శతాబ్దంలో ఆంధ్రదేశం మీదుగా వెళ్లిన చైనా యాత్రికుడు హ్యూయాన్‌త్సాంగ్, వేంగికి కొంతదూరంలో ఒంటరిగా ఉన్న కొండమీద ఆయన హేతువిద్యా గ్రంథం రాశాడని తన యాత్రాకథనంలో చేర్చాడు. దిఙ్నాగుడు ఒక హేతువును రెండు వైపుల నుంచి పరీక్షించమంటాడు. నిరూపించదలచిన గుణం ఉన్న వస్తువుల్లో ఈ హేతువు అన్నిట్లో ఉందా, కొన్నిట్లో ఉందా, వేటిలోనూ లేదా? ఆ గుణం లేని వస్తువుల్లో అన్నిట్లోనా, కొన్నిట్లోనా, వేటిలోనూ లేదా? మూడు మూళ్లు తొమ్మిది గళ్లు. హేతుచక్రమంటే ఇదే. తొమ్మిదిలో నిలబడే హేతువులు రెండంటే రెండు. ఇంకో రెండు విరుద్ధాలు, అంటే వాదించేవాడు అనుకున్నదానికి తలకిందులు నిరూపిస్తాయి. మిగిలిన ఐదూ అనైకాంతికాలు, ఎటూ తేల్చవు. 'శబ్దం అనిత్యం, తెలియదగినది కాబట్టి' అంటే తెలియదగినవి నిత్యాల్లోనూ ఉన్నాయి, అనిత్యాల్లోనూ ఉన్నాయి. వాక్యం గంభీరంగా ఉంది, లోపల సరుకు లేదు.

ఇక్కడ ఒక తమాషా జరుగుతుంది. విరుద్ధ హేతువు వాదానికి దోషం, దాన్ని పట్టుకొచ్చినవాడు సభలో ఓడిపోతాడు. బ్యాంకు అభ్యర్థికి మాత్రం అది వరం, 'కాదు' అని ఖచ్చితంగా తేల్చింది కాబట్టి చాలినట్టే లెక్క. తొమ్మిది గళ్లలో నాలుగు చాలినవి, ఐదు చాలనివి. వాదసభలో గెలవాలన్న పంతం ఉంటుంది, బహుళైచ్ఛిక ప్రశ్నకు ఏ పక్షమూ లేదు. ఆ ఒక్క విషయంలో ఐబీపీఎస్ కాగితం దిఙ్నాగుడి సభకన్నా నిష్పక్షపాతి.

'రెండింట్లో ఏదైనా చాలు' అన్న ఆప్షను దగ్గర దిఙ్నాగుడికీ నైయాయికులకూ పడదు. అక్కడ నిప్పుందని నమ్మదగినవాడు చెప్పాడు, దగ్గరికెళ్తే పొగ కనపడింది, ఇంకా దగ్గరికెళ్తే నిప్పే కనపడింది. ఒకే సంగతిని మూడు ప్రమాణాలూ విడివిడిగా చెప్పగలవని న్యాయభాష్యం రాసిన వాత్స్యాయనుడు అంటాడు. దాన్ని ప్రమాణ సంప్లవం అన్నారు. బౌద్ధులు కాదంటారు, ప్రత్యక్షానికి దాని విషయం దానిది, అనుమానానికి దాని విషయం దానిది. పరీక్ష పేపరు ఈ విషయంలో నిస్సందేహంగా నైయాయిక పక్షమే.

ప్రాక్టీసు చేసేవాళ్లకు తార్కికులు చేసే మేలు ఇంకోటుంది. ఒకటో స్టేట్‌మెంటు చదివి, దాని తడి ఆరకముందే రెండోదానికి వెళ్తే, మొదటిదాంట్లో తెలిసింది తెలియకుండానే రెండోదాంట్లోకి చొరబడుతుంది. 'రెండోది ఒక్కటే చాలు' అనిపిస్తుంది, తీరా చూస్తే అది ఒక్కటి కాదు. అరచేత్తో మొదటి వాక్యాన్ని కప్పేసి రెండోది చదవమని మాస్టార్లు చెప్పేది అందుకే. ఈ చొరబాటుకు తర్కంలో ఉపాధి అని పేరు. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందంటే తప్పు, ఎర్రగా కాలిన ఇనుములో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే పచ్చి కట్టె తగలాలి. ఆ పచ్చి కట్టె వాక్యంలో లేదు, మాట్లాడేవాడి తలలో ఉంది. 17వ శతాబ్దంలో దీన్ని పసిపిల్లలకు కూడా తేలిగ్గా అర్థమయ్యేలా తర్కసంగ్రహంలో పెట్టినవాడు అన్నంభట్టు, మన తెలుగువాడే, కాశీలో స్థిరపడ్డాడు. కాశీకి వెళ్లినంత మాత్రాన ఎవడూ అన్నంభట్టు అయిపోడని పండితుల్లో ఒక నానుడి ఉంది. నంద్యాల వెళ్లొచ్చినవాళ్లకు దాని అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంతవరకూ రెండు పరీక్షలూ చేతులు కలిపే నడిచాయి. విడిపోయేది ఒక చోట, అదీ చిన్న విడిపోవడం కాదు. బ్యాంకు పరీక్షలో స్టేట్‌మెంటు నిజమా అని అడగకూడదు. అచ్చయింది కాబట్టి నిజం. ఎవరు చెప్పారు, వాళ్లకెలా తెలుసు, అబద్ధమాడే అవసరం వాళ్లకుందా, ఏదీ లేదు. వేదానికి కర్త లేడు కాబట్టి కర్తృదోషమూ ఉండదన్న మీమాంసకుల అపౌరుషేయ వాదాన్ని ఇవాళ పూర్తిగా పాటిస్తున్నది ఏదైనా ఉందంటే అది డీఎస్ ప్రశ్నలోని స్టేట్‌మెంటే. నైయాయికులు శబ్దాన్ని, అంటే ఒకరు చెప్పిన మాటను, ప్రమాణంగా ఒప్పుకున్నారు గాని ఆప్తుడు చెబితేనే అన్నారు. విషయం తెలిసినవాడై ఉండాలి, తెలిసింది తెలిసినట్టు చెప్పే ఉద్దేశమూ ఉండాలి.

తెనాలికి ఈ అడగడంలో పాత అలవాటే ఉంది. కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి తెనాలిలో సూతాశ్రమం కట్టుకుని, పురపాలక సంఘం అధ్యక్షుడిగా కూడా పనిచేసి, పురాణాల స్టేట్‌మెంట్లనే బోనెక్కించాడు. పురాణం చెప్పిందన్నది చాలదు, ఎవరు ఎవరికోసం చెప్పారో తేల్చమన్నాడు. సూతపురాణం ఆ తేల్చడం కోసమే రాశాడు. ఆయన తరవాత అదే ఊళ్లో వకీలు ఆవుల గోపాలకృష్ణమూర్తి రాడికల్ హ్యూమనిస్టుగా, చీరాల వైపు రావిపూడి వెంకటాద్రి హేతువాదిగా ఆ ఎదురుప్రశ్నను చాలాకాలం నిలబెట్టారు. శాస్త్ర పరీక్షకు పేరుపడ్డ ఊరే నాస్తికవాదానికి కూడా పేరుపడటంలో పొసగనిది ఏమీ లేదు. రెండు పక్షాలవాళ్లూ 'ఆధారం చూపించు' అనే అంటారు, ఏది ఆధారమన్న దగ్గరే కొట్టుకుంటారు.

రేపల్లె రైలు దాటిపోయే భట్టిప్రోల్లో, ఏది ఆధారమన్న ఈ తగువుకు రాతి సాక్ష్యం దొరికింది. 1892లో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ రీ అక్కడి స్తూపాన్ని తవ్విస్తే రాతి పేటికలు, వాటిలో స్ఫటిక భరిణెలు బయటపడ్డాయి. పేటికల మీది రాతల్లో బుద్ధుడి ధాతువుల ప్రస్తావన, కుబీరకుడనే రాజు పేరు ఉన్నాయి. క్రీస్తుపూర్వం 3-2 శతాబ్దాల నాటి లిపి అంటారు. ఇక ప్రశ్న: అవి బుద్ధుడి ధాతువులేనా? ఒకటో స్టేట్‌మెంట్: పేటిక మీద అలా రాసి ఉంది. రెండో స్టేట్‌మెంట్: స్తూపం గర్భంలో భక్తితో భద్రం చేసి ఉంది. చరిత్రకారుడికి రెండూ కలిసినా చాలవు. ఆ కాలపువాళ్లు అలా నమ్మారన్నదానికి మాత్రం ఒకటోది ఒక్కటే చాలు. మొక్కడానికి వచ్చిన బౌద్ధుడు ఈ ప్రశ్నను తనదిగా తీసుకోడు. అతని చేతిలో అచ్చుకాని మూడో స్టేట్‌మెంటు ఒకటుంది, పరంపర నుంచి వచ్చింది.

బుద్ధుడు మాత్రం ఇంకో దారి పట్టాడు. లోకం శాశ్వతమా కాదా, తథాగతుడు మరణించాక ఉంటాడా ఉండడా అని శిష్యుడు మాలుంక్యపుత్రుడు నిలదీస్తే జవాబివ్వలేదు. డేటా చాలదని కూడా అనలేదు. బాణం గుచ్చుకున్నవాడు బాణం వేసినవాడి కులగోత్రాలు తేలేదాకా దాన్ని పీకనివ్వనంటే ఏమవుతాడో చెప్పాడు. ఐదు ఆప్షన్లలో ఏదీ పెట్టకుండా ప్రశ్నపత్రాన్నే పక్కన పెట్టడమిది. పోటీ పరీక్షలో దీనికి సున్నా. బతుకులో దీనికెంత పడుతుందన్నది మాలుంక్యపుత్రుడికే వదిలేసిన లెక్క.

పరీక్ష గెలిచి పోస్టింగు తెచ్చుకున్నవాళ్లకు అసలు డీఎస్ బ్రాంచిలో ఎదురవుతుంది. గ్రామీణ బ్యాంకులో కొత్తగా చేరిన ఆఫీసరు బల్లమీదికి పంట రుణం ఫైలు వస్తుంది. ప్రశ్న: ఈ మనిషి ఈ పొలం సాగుచేస్తున్నాడా, అప్పు తీరుస్తాడా? సొంత భూమి ఉన్న రైతైతే వన్‌బీ, అడంగల్ లాంటి భూమి రికార్డులు, పట్టాదారు పాసుపుస్తకం ఉంటాయి. కృష్ణా పశ్చిమ డెల్టాలో చెమటోడ్చేవాళ్లలో చాలామంది కౌలుదార్లు. కొల్లూరు లంకల్లో అరటి, పసుపు వేసినా, రేపల్లె వైపు వరి వేసినా కాగితం మీద పేరు వేరేవాళ్లది. కౌలు ఒప్పందం నోటిమాట. అడంగల్‌లో యజమాని పేరే ఉంటుంది. చేలో నిలబడి చూస్తే మందు కొట్టేది, నీరు పెట్టేది, మునిగితే ఏడ్చేది ఈ మనిషే.

కౌలుదారు మాట ఒక్కటే చాలుతుందా అన్నదాని మీద రాష్ట్రంలో రెండు చట్టాలే వచ్చాయి. 2011 చట్టం గ్రామసభ పెట్టి కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇవ్వమంది, యజమాని సంతకం అడగలేదు. ఊరు చెబితే చాలన్న లెక్క అది, శబ్ద ప్రమాణానికి చట్టబద్ధత అనుకోవచ్చు. బ్యాంకులు ఆ కార్డులు చూసి అప్పులివ్వడానికి వెనకాడాయి. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం 11 నెలలు చెల్లే కార్డు పెట్టింది, దానికి యజమాని అంగీకారం కావాలంది. ఈసారి యజమానులు సంతకం పెట్టడానికి వెనకాడారు, కాగితం మీద కౌలుదారు పేరు పడితే భూమి చేజారుతుందన్న భయంతో. ఒక చట్టంలో అచ్చుకాని మూడో స్టేట్‌మెంటు 'ఊరు అబద్ధం చెప్పదు', రెండోదాంట్లో 'భూమి ఎవరిదో వాళ్లకే నిజం తెలుసు'. పూచీకత్తు లేకుండా ఇచ్చే వ్యవసాయ రుణాల పరిమితిని రిజర్వు బ్యాంకు 2025 జనవరి 1 నుంచి 2 లక్షలకు పెంచింది. పెంచినా, సాగుచేస్తున్నది ఎవరన్న ప్రశ్న ముందు తేలాలి.

కొత్త ఆఫీసరు ఆ ఫైలు మీద 'డేటా చాలదు' అని రాస్తే తప్పు పట్టేవాడెవడూ లేడు. పరీక్షలో నేర్చుకున్నదీ అదే. కానీ ఇక్కడ ఆ ఆప్షను పెట్టాక ప్రశ్న ముగిసిపోదు, ఊళ్లోకి పోతుంది. బయటికొచ్చిన కౌలు రైతు ఎరువుల కొట్టు దగ్గరికో, పంట కొనే కమీషన్ వ్యాపారి దగ్గరికో వెళ్తాడు. ఆ వ్యాపారి వన్‌బీ అడగడు, కార్డు అడగడు. ఈ మనిషి నాన్నను ఎరుగును, పోయినేడు ఎన్ని బస్తాలు పండాయో ఎరుగును, ఈసారి ఏ కాలవ కింద వేశాడో ఎరుగును. తెలిసినదాన్నంతా వడ్డీలో కలిపి, అక్కడికక్కడే డబ్బు లెక్కపెట్టి ఇస్తాడు.